మసక ఫోటోల్లో నల్లని షియర్‌వాటర్: విశాఖ సముద్రంలో ఒక గుర్తింపు కేసు

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవల వేటకు నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం పెట్టిన 61 రోజుల విరామం అది. చేపలకు మేలే. సముద్రపక్షుల్ని చూడాలనుకునేవాళ్లకు మాత్రం పెద్ద అడ్డంకి. దక్షిణార్ధగోళంలో పిల్లల్ని పెంచే పని ముగించుకున్న షియర్‌వాటర్లు అనే సముద్రపక్షులు హిందూ మహాసముద్రం మీదుగా ఉత్తరానికి వచ్చే రోజులూ దాదాపు అవే. మనం ఒడ్డున ఉంటాం, అవి ఒడ్డుకు దూరంగా వెళ్లిపోతాయి. ఆంధ్ర తీరానికి ఎదురుగా బంగాళాఖాతంలో ఏ షియర్‌వాటర్ ఎప్పుడు తిరుగుతుందో చెప్పడానికి మన దగ్గర సమాచారం చాలా తక్కువగా ఉండటానికి ఇదొక ముఖ్య కారణం.

అందుకే నిషేధం ముగిశాక మొదటి వారాల్లో బోటెక్కడం నాకు ముఖ్యం. ఈ కేసు జూన్ మూడో వారంలో, విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి సూర చేపల వేటకు వెళ్లిన బోటు మీద మొదలైంది. సూర అంటే ట్యూనా. ఖండతీరపు అంచు దాటి లోతు నీళ్లు మొదలయ్యే చోటుకు ఈ బోట్లు వెళతాయి కాబట్టి, ఒడ్డు నుంచి ఎప్పటికీ కనపడని పక్షులు అక్కడ కనపడే అవకాశం ఉంటుంది. నాతో పాటు ఒక మిత్రుడు ఉన్నాడు. కెమెరా అతనిది, బైనాక్యులర్స్ నావి.

ఆ రోజు రెండు నల్లని పక్షులు కనిపించాయి. మొదటిది ఉదయం. ఆకాశం మొత్తం మబ్బు, నైరుతి గాలి బలంగా ఉంది, కెరటాల మీద తెల్లటి నురగ లేస్తోంది. పక్షి బోటు ముందు నుంచి ఎడమ నుంచి కుడికి, గాలికి ఎదురుగా, నీళ్లకు దగ్గరగా వెళ్లింది. కంటికి ఆనింది పది సెకన్లు కూడా ఉండదు. మిత్రుడికి మూడు ఫ్రేములు దొరికాయి. రెండోది మధ్యాహ్నం, సూర చేపలు పైకొచ్చి నీళ్లు మరుగుతున్నట్టున్న చోట, టర్న్‌లనే సముద్రపక్షుల గుంపు మధ్యలో. అది కెరటాల పల్లాల్లో దాక్కుంటూ, మధ్య మధ్యలో పైకి లేస్తూ గాలివాటంగా వెళ్లిపోయింది. దానికి ఒక్క ఫ్రేమే వచ్చింది. పక్కనున్న కలాసీ ఒకతను ఫోన్‌లో తీసిన చిన్న వీడియో మాత్రం ఉంది.

రెండూ ఒకే జాతివా? అసలు ఏ జాతి? ఈ రెండు ప్రశ్నల మీద తర్వాతి వారాలు గడిచాయి. చివరికి ఒకదానికి పేరు పెట్టగలిగాం, రెండోదానికి పెట్టలేదు. ఆ రెండు నిర్ణయాలకూ ఎలా వచ్చామన్నదే ఇక్కడ రాస్తున్నాను.

మొదట చేసిన పని కెమెరా తెర చూడకుండా నోట్స్ రాసుకోవడం. ఇది నేను గట్టిగా పట్టుబట్టే విషయం. పక్షి వెళ్లిపోగానే అందరూ కెమెరా చుట్టూ మూగుతారు. తెర మీద ఒక బొమ్మ చూశాక, కళ్లతో చూసింది ఏదో, తెర మీద చూసింది ఏదో ఇక విడదీయలేం. ఫోటోలో తోక పొడుగ్గా ఉంటే మనసులో కూడా పొడుగ్గానే ఉండిపోతుంది. అందుకని నేనూ మిత్రుడూ వేరువేరుగా, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా రాసుకున్నాం. చూసినది, చూడనిది, చూశామని అనుకుంటున్నది అని మూడు భాగాలుగా రాశాం. మొదటి పక్షి కాళ్ల గురించి ఇద్దరం రాసింది 'కనిపించలేదు' అనే. 'కాళ్లు తోక దాటి లేవు' అని రాసి ఉంటే అది పూర్తిగా వేరే సంగతి అయ్యేది. చాలా రిపోర్టుల్లో ఈ రెండూ కలిసిపోతాయి. తప్పుడు గుర్తింపులకు దారితీసే వాటిలో ఇది ముందు వరసలో ఉంటుందని నా అభిప్రాయం.

బోటు డ్రైవర్‌ని కూడా అడిగాను. దశాబ్దాలుగా సముద్రం మీదున్న మనిషి. పుస్తకంలో బొమ్మలు చూపించి "ఇదేనా?" అని అడగలేదు. అలా అడిగితే మర్యాద కోసమైనా అవునంటారు. "అది ఎలా ఎగిరింది?" అని మాత్రం అడిగాను. "ఇది రెక్క కొట్టదు బాబూ, గాలి మీద పడుకుంటది. సూర తేలిన చోటికి వస్తది" అన్నాడు మొదటి పక్షి గురించి. రెండోదాని గురించి "ఇది బరువు పిట్ట" అన్నాడు. ఆ మాటలు అలాగే నోట్స్‌లో ఎక్కించాను. వాటితో జాతిని తేల్చలేం. కానీ రెండు పక్షులూ ఎగిరే తీరు వేరుగా ఉందని మాకంటే ముందు చెప్పింది ఆయనే.

ఇక వడపోత. పూర్తిగా నల్లగా లేదా ముదురు గోధుమ రంగులో కనపడే సముద్రపక్షి ప్రతిదీ షియర్‌వాటర్ కాదు. బ్రౌన్ నాడ్డీ అనే పక్షీ అలాగే ఉంటుంది, కానీ దాని నెత్తి మీద లేత రంగు టోపీ ఉంటుంది, రెక్కలు ఆపకుండా ఆడిస్తూ ఎగురుతుంది. సూటీ టర్న్ పిల్ల పక్షి మీద చాలామంది బోల్తా పడతారు. పెద్ద పక్షికి అడుగంతా తెలుపైతే, పిల్లది దాదాపు మొత్తం ముదురు రంగు. అయితే వీపు మీద లేత చుక్కలు, చీలిన తోక ఉంటాయి. స్కువాలకు రెక్క కొస ఈకల మొదట్లో తెల్లటి మచ్చ మెరుస్తుంది. మా పక్షులు రెండూ రెక్కల్ని బిగదీసి, ఒక రెక్క నీటి వైపు, ఒకటి ఆకాశం వైపు వంచి కెరటాల మీద జారాయి. ఆ ఒడుపు చూశాక షియర్‌వాటర్, దాని చుట్టాలైన పెట్రెల్‌ల బృందం దాటి బయటికి వెళ్లాల్సిన అవసరం కనపడలేదు.

ఆ బృందంలో మన సముద్రానికి సంబంధించి ముదురు రంగువి ఆరు పరిగణించాం. వెడ్జ్-టెయిల్డ్ షియర్‌వాటర్ సీషెల్స్, మారిషస్ వైపు దీవుల్లోనూ పశ్చిమ ఆస్ట్రేలియా దీవుల్లోనూ గూళ్లు పెడుతుంది. ఫ్లెష్-ఫుటెడ్ షియర్‌వాటర్ నైరుతి ఆస్ట్రేలియా, లార్డ్ హౌ దీవి, న్యూజిలాండ్, సెయింట్ పాల్ దీవుల్లో గూళ్లు పెడుతుంది. నైరుతి ఆస్ట్రేలియావి ఆ తర్వాత ఉత్తర హిందూ మహాసముద్రానికి వస్తాయి. షార్ట్-టెయిల్డ్ షియర్‌వాటర్ టాస్మానియా పరిసరాల్లో పెద్ద సంఖ్యలో ఉండి, పసిఫిక్ మీదుగా బేరింగ్ సముద్రం దాకా వెళుతుంది. దారి తప్పినవి శ్రీలంకలోనూ దక్షిణ భారత తీరంలోనూ నమోదయ్యాయి. దానికి దగ్గరి చుట్టం సూటీ షియర్‌వాటర్. చివరి రెండూ పెట్రెల్‌లు: సొకోత్రా దీవిలో గూళ్లు పెట్టి అరేబియా సముద్రంలో ఎక్కువగా తిరిగే జువానిన్స్ పెట్రెల్, దానికంటే చిన్నదైన బుల్వర్స్ పెట్రెల్.

ఇందులో 'ఇక్కడ రాదు' అని దేన్నీ కొట్టేయలేదు. ఎవరూ సరిగా వెతకని సముద్రంలో ఆ మాటకు బలం లేదు. కేరళ, కర్ణాటక తీరాల్లో పక్షుల కోసమే బోట్లు కట్టించుకుని వెళ్లడం మొదలయ్యాక అక్కడి జాబితాలు ఎలా మారాయో చూశాం. అయితే ఏ జాతి ఎక్కడ దొరకడం సహజమన్నది చివర్లో, మిగతా ఆధారాలన్నీ తూచాక, ఒక చిటికెడు వేసుకోవచ్చు. మొదట్లోనే వేసుకుంటే మిగతా అన్నిటికీ దాని రుచే వస్తుంది.

ఫోటోల దగ్గరికి వద్దాం. మొదటి పక్షి ఫ్రేముల్లో బాగున్న దాంట్లో రెక్క కొస నుంచి రెక్క కొసకు 140 పిక్సెళ్ల వరకు ఉంది. ముక్కు మందం ఐదారు పిక్సెళ్లు. ముదురు రంగు షియర్‌వాటర్లలో అందరూ మొదట చూసేది ముక్కు రంగే. ఫ్లెష్-ఫుటెడ్‌కు లేత గులాబీ ముక్కు, కొస నలుపు. వెడ్జ్-టెయిల్డ్‌కు బూడిద రంగు ముక్కు. దగ్గర నుంచి చూస్తే అక్కడికక్కడే తేలిపోతుంది. మా ఫ్రేములో ముక్కు మొదట్లో లేత రంగు ఉన్నట్టు కనిపించింది. మిత్రుడు "ఫ్లెష్-ఫుటెడ్ దొరికేసింది అన్నా!" అన్నాడు.

ఆ లేత రంగును నేను ఒప్పుకోలేదు. కెమెరా రా ఫైల్ (మార్పులు చేయని అసలు ఫైల్) దాచలేదు, జేపీఈజీ మాత్రమే ఉంది. జేపీఈజీ బొమ్మను ఎనిమిది పిక్సెళ్ల పొడవు, ఎనిమిది పిక్సెళ్ల వెడల్పు ఉన్న గళ్లుగా విడగొట్టి కుదిస్తుంది. పైగా చాలా కెమెరాలు వెలుగు-నీడల వివరం బాగానే ఉంచి, రంగు వివరాన్ని సగానికి తగ్గించి దాస్తాయి. మన కన్ను రంగు తేడాలకంటే వెలుగు తేడాల్ని బాగా పడుతుంది కాబట్టి మామూలు ఫోటోల్లో ఈ తగ్గింపు తెలియదు. ఐదు పిక్సెళ్ల ముక్కు విషయంలో మాత్రం అక్కడున్న రంగు ముక్కుదా, వెనకున్న నీళ్లదా, రెండూ కలిసినదా చెప్పలేం. దీనికి తోడు కెమెరా తనంతట తనే చేసే షార్ప్‌నింగ్. ముదురు వస్తువు లేత నేపథ్యాన్ని తాకే అంచు వెంబడి అది ఒక తెల్లటి గీతను పుట్టిస్తుంది. సన్నటి ముక్కుకు రెండు వైపులా అంచులే. అక్కడ లేత రంగు పుట్టుకు రావడం చాలా తేలిక.

వాదన వాదనగానే మిగిలిపోకుండా పరీక్ష పెట్టాం. ఈ కేసులో అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ఇదే. జాతి విషయంలో ఏ అనుమానమూ లేని, దగ్గర నుంచి తీసిన స్పష్టమైన ఫోటోలు సేకరించాం. వెడ్జ్-టెయిల్డ్, ఫ్లెష్-ఫుటెడ్, షార్ట్-టెయిల్డ్, జువానిన్స్ అన్నీ ఉన్నాయి. మబ్బు వెలుతురులో తీసినవాటికే ప్రాధాన్యం ఇచ్చాం. తర్వాత వాటిని కావాలనే చెడగొట్టాం. రెక్క నుంచి రెక్కకు 140 పిక్సెళ్లు వచ్చేదాకా కుదించాం, కదలికలో చెదిరినంత మసక కలిపాం, జేపీఈజీగా గట్టిగా కుదించాం, చివర్లో షార్ప్‌నింగ్ వేశాం. ఫైళ్లకు పేర్లు తీసేసి అంకెలు ఇచ్చాం. మా పక్షి ఫ్రేముల్ని కూడా వాటిలో కలిపేశాం.

వాటిని చూస్తే కళ్లు తెరుచుకుంటాయి. ఖచ్చితంగా బూడిద ముక్కున్న వెడ్జ్-టెయిల్డ్ ఫోటోలు కొన్నింటిలో ముక్కు మొదట్లో లేత చుక్క పుట్టింది. ఖచ్చితంగా గులాబీ ముక్కున్న ఫ్లెష్-ఫుటెడ్ ఫోటోలు కొన్నింటిలో ఆ గులాబీ మొత్తం మాయమైంది. అంటే ఆ స్థాయి బొమ్మలో లేత ముక్కు కనపడటానికీ కనపడకపోవడానికీ రెంటికీ విలువ లేదు. మా లేత ముక్కును ఆధారాల జాబితా నుంచి పూర్తిగా తీసేశాం.

తీసేయగా మిగిలింది ఆకారం. రంగు పాడైన చోట కూడా వెలుగు-నీడల అంచు చాలావరకు నిలుస్తుంది. చెడగొట్టిన ఫోటోల్లో కూడా తోక పొడవు, తల ముందుకు ఎంత వచ్చింది, రెక్క ఎక్కడ వంగింది అన్నవి స్పష్టంగా కొలవగలిగాం. మా ఆధారం దీని మీదే నిలబడాలని అప్పుడు నిశ్చయించుకున్నాం.

కొలత ఇలా తీశాం. రెక్క ముందు అంచు శరీరాన్ని కలిసే చోటు నుంచి ముక్కు కొస దాకా ఒక దూరం. రెక్క వెనక అంచు శరీరాన్ని కలిసే చోటు నుంచి తోక కొస దాకా ఇంకో దూరం. రెండింటి నిష్పత్తి చూశాం. పక్షి మనకు కొంచెం పక్కకు తిరిగి ఉన్నా, ముందు భాగమూ వెనక భాగమూ దాదాపు ఒకే మేరకు కురచగా కనపడతాయి కాబట్టి నిష్పత్తి పెద్దగా చెదరదు. పొడవులు విడిగా కొలిస్తే ఈ సౌకర్యం ఉండదు. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. పక్షి రెక్కల్ని ముందుకు నెట్టి ఉంచినప్పుడు తల పొట్టిగా, తోక పొడుగ్గా కనిపిస్తుంది. అందుకే రెక్క మధ్య నుంచి కాకుండా, రెక్క శరీరాన్ని అంటుకున్న చోటు నుంచే కొలవాలి.

మొదటి పక్షి మూడు ఫ్రేముల్లోనూ వెనక భాగం ముందు భాగం కంటే స్పష్టంగా పొడవు. ముందు ఒకటి అనుకుంటే వెనక ఒకటిన్నరకు దగ్గరగా వచ్చింది. మేం చెడగొట్టిన ఫ్లెష్-ఫుటెడ్ ఫోటోల్లో రెండూ ఇంచుమించు సమానంగానో, వెనక కొద్దిగా తక్కువగానో ఉన్నాయి. షార్ట్-టెయిల్డ్‌లో తోక ఇంకా కురచ, దాని కాళ్లు తోక దాటి బయటికి కనపడతాయి. వెడ్జ్-టెయిల్డ్‌లో ప్రతిసారీ వెనక భాగమే ఎక్కువ.

చాలామంది ఈ పక్షి తోక మేకులా, త్రిభుజంలా కనపడాలని ఎదురుచూస్తారు. పేరులో 'వెడ్జ్' అని ఉంది కదా అని. నిజానికి అది తోక విప్పినప్పుడే కనపడుతుంది, అంటే మలుపు తిరిగేటప్పుడో, నీళ్ల మీద దిగేటప్పుడో. మామూలుగా ఎగురుతున్నప్పుడు తోక మూసుకుని పొడవుగా, సన్నగా ఉంటుంది. మా మూడు ఫ్రేముల్లో ఒక్కదానిలోనూ తోక విప్పలేదు.

పొడవు తోక ఒక్కటే సరిపోదు. జువానిన్స్, బుల్వర్స్ పెట్రెల్‌లకు కూడా తోక పొడవే. వాటిని పక్కన పెట్టడానికి తల వైపు చూశాం. ఆ పెట్రెల్‌ల ముక్కు పొట్టిగా, మందంగా ఉంటుంది. మా పక్షిది నీడచిత్రంలో సన్నగా, పొడవుగా ముందుకు చొచ్చుకుని ఉంది. ముక్కు రంగును కాదని, ముక్కు ఆకారాన్ని ఎలా నమ్ముతున్నారని ఒకరు అడిగారు. మంచి ప్రశ్నే. చెడగొట్టిన ఫోటోల పరీక్షే దీనికి జవాబు. వాటిలో రంగు నిలవలేదు, ముక్కు పొడవు నిలిచింది. పైగా రెక్క వెడల్పు కూడా షియర్‌వాటర్ వైపే మొగ్గింది. బుల్వర్స్‌కు రెక్క మరీ సన్నం.

ఎగిరే తీరు గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే గుర్తింపు పుస్తకాలు దీన్ని గట్టిగా నొక్కి చెబుతాయి, ఇక్కడే మోసపోయే అవకాశం కూడా ఎక్కువ. వెడ్జ్-టెయిల్డ్‌కూ ఫ్లెష్-ఫుటెడ్‌కూ రెక్కల విస్తీర్ణం దాదాపు ఒకటే, మీటరుకు అటూ ఇటూ. బరువులో మాత్రం చాలా తేడా. మొదటిది సుమారు 400 గ్రాములు, రెండోది 600 గ్రాముల చుట్టుపక్కల, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అదే రెక్కలు అంత తేడా ఉన్న బరువును మోయాలి. అందుకే వెడ్జ్-టెయిల్డ్ తేలిగ్గా, రెక్కల్ని మణికట్టు దగ్గర వంచి ముందుకు పెట్టి, గాలి ఎటు తీసుకెళితే అటు తేలుతున్నట్టు ఎగురుతుంది. ఫ్లెష్-ఫుటెడ్ రెక్కలు చాచి, నెమ్మదిగా బిగువుగా కొట్టి, తిన్నగా జారుతుంది. డ్రైవర్ అన్న 'గాలి మీద పడుకుంటది', 'బరువు పిట్ట' అనే మాటలు ఈ తేడాకు చాలా దగ్గరగా ఉన్నాయి.

కానీ గాలి లేనిరోజు ఏ షియర్‌వాటరైనా బరువుగానే ఎగురుతుంది. పెనుగాలిలో ఏదైనా తేలిగ్గా కనపడుతుంది. కాబట్టి ఎగిరే తీరు రాసేటప్పుడు గాలి వేగం, దిశ, పక్షి గాలికి ఎదురుగా పోతోందా వాలుగా పోతోందా అన్నది పక్కనే రాయాలి. లేకపోతే ఆ వాక్యం ఎందుకూ పనికిరాదు. మొదటి పక్షి బలమైన గాలికి ఎదురుగా వెళుతూ కూడా రెక్కలు పెద్దగా కొట్టకుండా తేలింది, మణికట్టు వంపు రెండు ఫ్రేముల్లో కనపడింది. కొలతతో ఇది సరిపోయింది.

ఆ తర్వాత అంకెలు వేసిన ఫోటోల కట్టను సముద్రపక్షులతో అనుభవమున్న కొందరికి పంపాం. చోటు, తేదీ, మా అనుమానం ఏదీ చెప్పలేదు. ఏ ఫోటోలు మావో, ఏవి తెలిసిన జాతులవో కూడా చెప్పలేదు. ఒకరి జవాబు ఒకరికి చూపలేదు. మా మొదటి పక్షి ఫ్రేముల్ని ఎక్కువమంది వెడ్జ్-టెయిల్డ్ గుంపులోనే పెట్టారు. ఫ్లెష్-ఫుటెడ్ అని ఎవరూ అనలేదు. ఒకరు మాత్రం ఈ నాణ్యతలో జువానిన్స్‌ను పూర్తిగా కొట్టేయలేనన్నారు. ఆ అభ్యంతరాన్ని రికార్డులో అలాగే ఉంచాను. పంపేటప్పుడు 'ఇది వెడ్జ్-టెయిల్డ్ అనుకుంటున్నాం, మీరేమంటారు' అని అడిగి ఉంటే వచ్చే 'అవును'లకు ఇంత బరువు ఉండేది కాదు.

రెండో పక్షి వేరే కథ. ఒక్క ఫ్రేము. రెక్క పైకి ఎత్తి, అడుగుభాగం మనవైపు తిప్పి ఉంది. కొస ఈకల మొదట్లో వెండిలా ఒక మెరుపు. తోక ఒక కెరటం వెనక ఉంది. తల అవతలికి తిరిగి ఉంది కాబట్టి ముక్కు కనపడదు. శరీరం బలంగా ఉన్నట్టు కనపడుతుంది, అంతే.

మిత్రుడి పట్టుదల నాకు అర్థమవుతుంది. అంత దూరం వెళ్లి, కెరటాలకు కడుపులో తిప్పుతుంటే ఓర్చుకుని, జారిపోతున్న చేతులతో తీసిన ఫోటో అది. అతని వాదన మూడు అంశాల మీద ఉంది: రెక్క కింద వెండి మెరుపు, టర్న్‌ల పక్కన పెద్దగా కనపడటం, వీడియోలో బిగువైన రెక్క కొట్టుడు. మూడూ కలిపితే ఫ్లెష్-ఫుటెడ్ అంటాడు. మూడింటినీ ఒక్కొక్కటిగా చూశాం.

వెండి మెరుపు. సూటీ షియర్‌వాటర్‌కు రెక్క కింద తెల్లటి పట్టీ ఉంటుంది. షార్ట్-టెయిల్డ్‌కు సాధారణంగా అంతకంటే మసకైన బూడిద రంగు, కానీ పక్షికీ పక్షికీ మారుతుంది, సూటీతో కలిసిపోయేంతగా. ఫ్లెష్-ఫుటెడ్‌కు రెక్క అడుగు ముదురే అయినా, కొస ఈకల మీద వెలుగు ఒక కోణంలో పడితే వెండిలా మెరుస్తుంది. వెడ్జ్-టెయిల్డ్‌కు కూడా అంతే. ఒకే ఫ్రేములో, తెల్లటి నురగ మీంచి వెలుగు కింది నుంచి పైకి కొడుతున్నప్పుడు, ఆ మెరుపు ఈకల రంగుదా వెలుగుదా తేల్చలేం. అదే పక్షివి వరసగా నాలుగైదు ఫ్రేములు ఉండి, రెక్క కోణం మారినా ఆ పట్టీ అక్కడే నిలిచి ఉంటే అప్పుడది రంగు అనొచ్చు.

పరిమాణం. ఆ ఫ్రేములో బ్రైడల్డ్ టర్న్ ఒకటి పక్కనే ఉంది. పక్కనే అంటే బొమ్మలో పక్కనే. టెలి లెన్స్ దూరాల్ని అణిచేస్తుంది. టర్న్ పదిహేను మీటర్లు వెనక ఉన్నా బొమ్మలో ఆనుకుని ఉన్నట్టే కనపడుతుంది. రెండూ స్పష్టంగా ఒకే కెరటం శిఖరం మీద ఉంటే తప్ప ఆ పోలికను నేను నమ్మను.

రెక్క కొట్టుడు. వీడియోలో ఏడు సెకన్ల పాటు పక్షి కనపడీ కనపడకుండా ఉంది. బిగువుగా కొన్ని దెబ్బలు, తర్వాత జారడం, మళ్లీ దెబ్బలు. నిజమే, ఉదయం చూసినదానికంటే వేరుగా ఉంది. కానీ ఉదయం పక్షి గాలికి ఎదురుగా వెళ్లింది, ఇది గాలివాటంగా వెళ్లింది. గాలి కూడా మధ్యాహ్నానికి తగ్గింది. ఇన్ని మారాక, ఎగిరే తీరులో తేడా జాతి తేడానే అనడానికి లేదు. మేత చోటు నుంచి కడుపు నిండి లేస్తున్న పక్షి బరువుగా ఎగరడం కూడా సహజమే.

డిజిటల్ జూమ్ వాడి తీసిన ఫోన్ వీడియో గురించి ఒక మాట. ఫోన్ అప్పుడు లేని వివరాన్ని లెక్కగట్టి నింపుతుంది. ఈ వీడియోను ఆపి, ఒక్కో ఫ్రేమూ తీసి, పెద్దది చేసి 'ముక్కు' చూపించినవాళ్లున్నారు. అక్కడున్నది ముక్కు కాదు, ఫోన్ ఊహ. వీడియోను కదలిక కోసమే వాడాలి.

ఇవన్నీ పోగా రెండో పక్షికి మిగిలింది 'ముదురు రంగు పెద్ద షియర్‌వాటర్' అన్న మాటే. ఫ్లెష్-ఫుటెడ్ కావచ్చు, షార్ట్-టెయిల్డ్ కావచ్చు, సూటీ కావచ్చు, వెడ్జ్-టెయిల్డ్‌ను కూడా పూర్తిగా తీసేయలేం. పక్షుల రికార్డులు చేర్చే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో ఇలాంటివాటిని జాతి పేరు లేకుండా, గుంపు స్థాయిలో నమోదు చేసే వీలుంది. అలాగే చేశాం. ఫోటో, వీడియో, ఇద్దరి నోట్స్, డ్రైవర్ మాటలు అన్నీ జతచేశాం.

పేరు లేని రికార్డు వల్ల ఏం లాభం అని మిత్రుడు అడిగాడు. న్యూజిలాండ్ స్టార్మ్ పెట్రెల్ సంగతి అతనికి చెప్పాను. 19వ శతాబ్దంలో సేకరించిన మూడే మూడు మ్యూజియం నమూనాల ద్వారా తెలిసిన పక్షి అది. అంతరించిపోయిందనే అనుకున్నారు. 2003 జనవరిలో న్యూజిలాండ్ ఉత్తర ద్వీపం తీరంలో, విటియాంగా ఊరికి ఎదురుగా సముద్రంలో ఒక పక్షి కనిపించింది. కడుపు మీద గీతలున్న ఆ పక్షిని ఫోటో తీశారు. తెలిసిన జాతుల్లో ఏదో తేడాగా ఉన్న పక్షి కావచ్చని కూడా ఆలోచించారు. ఫోటోలు ఉన్నాయి కాబట్టి మ్యూజియం నమూనాలతో పోల్చి చూడగలిగారు. అదే ఏడాది నవంబరులో హౌరాకీ గల్ఫ్‌లో, లిటిల్ బారియర్ దీవి దగ్గర అలాంటివి పదికి పైగా కనిపించాయి, వాటికి మంచి ఫోటోలు వచ్చాయి. 2005లో ఒకదాన్ని పట్టుకుని పరీక్షించగలిగారు. 2013లో ఆ దీవిలోనే గూళ్లు ఉన్నాయని రేడియో ట్రాన్స్‌మిటర్ల సాయంతో తేలింది. మొదటి రోజు ఫోటోను తొందరపడి ఏదో ఒక మామూలు జాతి కింద సర్దేసి ఉంటే, తర్వాతివాళ్లు వెతకాల్సిన కారణమే ఉండేది కాదు. మా రెండో పక్షి అంత అరుదైనదని నేననడం లేదు. పేరు తప్పుగా పెట్టిన రికార్డును ఎవరూ మళ్లీ తెరవరు, పేరు ఖాళీగా ఉన్నదాన్ని తెరుస్తారు.

ఇందులో ఇంకో చిక్కు కూడా ఉంది. ఆంధ్ర సముద్రానికి షియర్‌వాటర్ రికార్డులు ఎంత తక్కువంటే, ఒక్క తప్పు రికార్డు చేరినా పటంలో ఒక చుక్క వస్తుంది. రేపు ఎవరో ఇక్కడ గాలిమరలకో, తవ్వకాలకో పర్యావరణ నివేదిక రాసేటప్పుడు ఆ చుక్కను చూసే రాస్తారు. వందల రికార్డుల మధ్య ఒక తప్పు మునిగిపోతుంది. రెండు మూడు రికార్డుల మధ్య అదే ప్రధాన సాక్ష్యం అయిపోతుంది. ఇక్కడ నమోదు చేసేవాళ్లు మరింత కఠినంగా ఉండాలని నేననేది ఇందుకే.

మొదటి పక్షిని వెడ్జ్-టెయిల్డ్ షియర్‌వాటర్‌గా నమోదు చేశాం. ఆధారాల వరసలో మొదట తోక-తల నిష్పత్తి, తర్వాత ముక్కు ఆకారం, రెక్క వంపు, గాలి వివరంతో కలిపి ఎగిరిన తీరు. ముక్కు రంగును ఆధారంగా తీసుకోలేదని, ఎందుకు తీసుకోలేదో కూడా రాశాం. జువానిన్స్ గురించి వచ్చిన అభ్యంతరం కింద ఉంది. ఈ జాతి సూర చేపల గుంపుల వెంట మేతకు తిరుగుతుందన్న సంగతిని ఆఖర్న, బలహీనమైన అదనపు అంశంగా చేర్చాం.

తర్వాతి బోటు కోసం కొన్ని మార్చుకున్నాం. కెమెరాలో రా ఫైల్ తప్పనిసరి. షట్టర్ వేగం సెకనులో 2000వ వంతు కంటే తగ్గకూడదు, దానికోసం ఐఎస్ఓ పెరిగి గరుకు వచ్చినా ఫర్వాలేదు. గరుకును భరించొచ్చు, కదలిక మసకను సరిచేయలేం. మబ్బు ఆకాశం ముందు నల్లని పక్షి ఇంకా నల్లబడకుండా ఎక్స్‌పోజర్ కొంచెం పెంచి పెట్టాలి. పక్షి బాగా కనపడినప్పుడు ఒక్క ఫ్రేముతో ఆగకుండా, అది పోయేదాకా తీస్తూనే ఉండాలి, పక్కకు తిరిగిన ఒక్క క్షణం ముక్కునీ తోకనీ కలిపి చూపిస్తుంది. ఫోన్‌తో తీసే కలాసీలకు జూమ్ వాడొద్దని చెప్పాం.

తుపాన్ల తర్వాత, జూన్-జులై పోటు గాలుల తర్వాత భీమిలి, రుషికొండ, పూడిమడక వైపు ఒడ్డుకు కొట్టుకొచ్చే చనిపోయిన సముద్రపక్షుల్ని కూడా చూడటం మొదలుపెట్టాం. చేతిలో ఉన్న పక్షి ముక్కు రంగు, ముక్కు పొడవు, తోక ఆకారం గురించి వాదన ఉండదు. స్కేలు పక్కన పెట్టి, రెక్క విప్పి, తోక విప్పి, ముక్కు పక్క నుంచి, పై నుంచి ఫోటోలు తీసి, అటవీశాఖకు తెలియజేస్తే చాలు. ఇంటికి తీసుకెళ్లకూడదు, వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు. అలాంటి ఒక్క పక్షి దొరికినా రెండో పక్షి జాతి తేలిపోదు, కానీ జూన్‌లో మన నీళ్లలో ఏవి తిరుగుతున్నాయన్న ప్రశ్నకు ఒక గట్టి జవాబు చేరుతుంది. అప్పుడు ఆ ఒక్క ఫ్రేమును మళ్లీ తెరిచి చూస్తాం.